పోవచ్చు, పోవాలె

నారాయణఖేడ్‌లో రోజ సిస్టర్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఆమె గొంతు. వరండా చివర గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలివాళ్లకు కూడా, పేరు పిలిస్తే ఒక్కసారికే వినబడేది. అది తండ్రి హనోకు దగ్గర నుంచి వచ్చిన గొంతు. ఆయన వారమంతా కూలికి పోయి, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు. కూతురిని పదో తరగతి వరకు తెలుగులో చదివించి, జహీరాబాద్‌లో నర్సు కోర్సుకు పంపడానికి ఆయన పడ్డ తిప్పలు వేరే కథ.

రోజకు నలభై ఒకటో ఏడు. భర్త స్టాన్లీ కల్హేర్ రోడ్డు మీద ఆటో తిప్పుతాడు. పదిహేనేళ్లు ఆ దవాఖానలో, ఈ దవాఖానలో పనిచేసి, నాలుగేళ్ల కిందట ఒక ట్రస్టు పెట్టిన వీడియో దవాఖానలో చేరింది. ఎరువుల దుకాణం పక్కన రెండు గదులు, అంతే. గోడకు పెద్ద టీవీ ఉంటుంది. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద డాక్టరు అందులో కనబడతాడు. రోగి కుర్చీలో కూర్చుంటాడు. ఇద్దరి మధ్య రోజ నిలబడుతుంది. బీపీ, షుగరు చూస్తుంది, పుండు ఉంటే కడిగి కెమెరాకు చూపిస్తుంది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో చెబుతుంది. నాగల్‌గిద్ద వైపు వాళ్లు వస్తే కన్నడంలోనూ చెబుతుంది.

ఆమె ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు. మందుల చీటీలు, కేసు షీట్లు, డాక్టర్ల తిట్లు, వీటిలోంచి ఏరుకుని కూడబెట్టుకున్నది. అందుకే దాని మీద ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది. డాక్టరు మాట ముగిసేలోపే ఇక్కడ తెలుగు మొదలయ్యేది.

వారానికి రెండు రోజులు టీవీలో డాక్టర్ ఇరానీ వచ్చేవాడు. పుణె ఆయన. ఇరవై రెండేళ్లు ఇంగ్లండులో పనిచేసి తిరిగొచ్చాడు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, తల ముగ్గుబుట్ట. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. మిగతా డాక్టర్లు ఒక్కోసారి రోజ మీద విసుక్కునేవాళ్లు కానీ ఈయన ప్రతి రోగి తర్వాతా థాంక్యూ సిస్టర్ అనేవాడు. ఆయన వచ్చే రోజులంటే ఆమెకు ఇష్టంగా ఉండేది.

ఫిబ్రవరిలో ఒక గురువారం నాగల్‌గిద్ద మండలం నుంచి భీమమ్మ అనే అరవై ఏళ్ల ఆమె వచ్చింది. వెంట కొడుకు బస్వరాజ్ ఉన్నాడు. కంది కోసిన చేలో నడుస్తుంటే కొయ్య ఒకటి కాలి బొటనవేలు పక్కన దిగింది. షుగరు ఉన్న కాలు కావడంతో నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని పది రోజులు పనిలోకి పోయింది. రోజ గుడ్డ విప్పేసరికి వేలి కొస నల్లబడి ఉంది. కడిగి, కెమెరా దగ్గరికి జరిపింది.

ఇరానీ చాలాసేపు చూశాడు. తర్వాత ఎప్పటిలాగే మెత్తగా రెండు మాటలు చెప్పాడు. మొదటిది, యూ మైట్ వాంట్ టు షో దిస్ టు ఎ సర్జన్. రెండోది, ఇఫ్ ఐ వర్ యూ, ఐ వుడ్ గో టుడే.

రోజ వెంటనే మాట మార్చింది. మైట్ అంటే కావచ్చు, వాంట్ అంటే కావాలి. అందుకని, కావాలంటే సర్జన్‌కు చూపించుకోవచ్చు అని చెప్పింది. రెండో మాటను కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. మీ జాగాలో ఆయన ఉంటే ఇవాళే పోయేవాడట అంది. భీమమ్మకు కన్నడం ఎక్కువ అలవాటని మళ్లీ కన్నడంలో, హోగబహుదు, అంటే పోవచ్చు అంది.

భీమమ్మ టీవీలోని తెల్లజుట్టు మనిషిని చూసి నవ్వింది.

"ఆయనకేంది బిడ్డా, కార్లుంటయి. పోతడు."

కల్లంలో కందులు కొట్టే పని ఇంకా ఉందని, అది కాగానే వచ్చే వారం చూద్దామని కొడుకుతో అంది. ఇరానీ థాంక్యూ సిస్టర్ అన్నాడు. రోజ తర్వాతి పేరు పిలిచింది.

పన్నెండు రోజుల తర్వాత బస్వరాజ్ ఒక్కడే వచ్చాడు. పాత కాగితాలు కావాలన్నాడు. గడ్డం మాసి ఉంది, రెండు రాత్రులు నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. అమ్మ ఎట్లుందని రోజ అడిగింది. వేలి నుంచి కుళ్లు పైకి ఎక్కిందని, జ్వరంతో మాట పడిపోతే హైదరాబాద్ తీసుకుపోయామని, పాదం ముందు సగం తీసేశారని చెప్పాడు. ఆ రోజే ఎందుకు పోలేదని రోజ అడిగింది. మందలించినట్టు కాదు, తెలియక అడిగింది.

బస్వరాజ్ ఆమె మీద కోపం చేయలేదు. లెక్క అప్పజెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు పొమ్మని చెప్పలే సిస్టర్. కావాలంటే పోవచ్చు అన్నవ్. మాకు కావాలనిపియ్యలే."

అతను వెళ్లాక రోజ కంప్యూటర్‌లో భీమమ్మ కేసు తెరిచింది. ప్రతి రోగి గురించీ డాక్టరు కింద ఒక ముక్క రాస్తాడు. ఆ రోజు ఇరానీ రాసింది ఇప్పటిదాకా ఆమె చదవలేదు, చదివే అవసరం ఎప్పుడూ రాలేదు. అత్యవసరంగా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లమని చెప్పాను అని ఉంది. రోజ రెండుసార్లు చదివింది. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. తను కూడా అబద్ధం చెప్పలేదు. ఆయన పొమ్మన్నాడు, తను పోవచ్చు అంది. ఆ రెండు మాటల నడుమ ఒక ఆడమనిషి సగం పాదం పోయింది.

ఆ సాయంత్రం ట్రస్టు పనులు చూసే విక్టర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. విక్టర్ హైదరాబాద్‌లో ఉంటాడు, రోజ కంటే పదేళ్లు చిన్న. తప్పు నీది కాదక్కా, రోగి పోలేదు, మనమేం చేస్తాం, దీన్ని పెద్దది చేయకు అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు కానీ రోజకు అది ఓదార్పులా తగల్లేదు. ఇంటికొచ్చి స్టాన్లీతో ఆ విషయం చెబుతూ, ఇది నేను తేల్చుకోకపోతే ఆ కుర్చీ పక్కన నిలబడలేను అంది.

గురువారం ఇరానీ టీవీలోకి రాగానే, మొదటి రోగిని పిలవకముందే తలుపు దగ్గరకు వేసి విషయం చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. నేను ఇవాళే వెళ్లమన్నాను కదా అన్నాడు. రోజ తన ఇంగ్లీషులో, విరిగిన చోట విరిగినట్టే, మీరు మైట్ వాంట్ అన్నారు సార్, ఆమె వాంట్ అనుకోలేదు అని చెప్పింది.

ఇరానీ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆయన చెప్పింది రోజకు కొత్త సంగతి. ఇంగ్లండులో ఎదుటి మనిషికి ఇది చెయ్ అని మొహం మీద చెప్పడం మర్యాద కాదట. సంగతి ఎంత బరువైనదైతే మాటను అంత మెత్తగా చుడతారట. అక్కడి రోగి ఆ మెత్తదనం చూసే భయపడతాడట. మైట్ వాంట్ టు అని డాక్టరు అన్నాడంటే, లేచి చొక్కా వేసుకుంటాడట. ఇఫ్ ఐ వర్ యూ అని తను ఎప్పుడైనా అంటే, నాకే గనక అయితే నేను భయపడతాను అని అర్థమట.

రోజ అంతా విని, మా దగ్గర అట్లా కాదు సార్, మా దగ్గర పెద్ద సంగతికి పెద్ద గొంతు అంది. ఆ మాట అని ఊరుకోలేదు. ట్రస్టు పంచిన డైరీ ఒకటి ముందు పెట్టుకుని, మీరు రోజూ అనే మాటలు ఒక్కొక్కటి చెబుతాను, దేని బరువెంతో మీరు చెప్పాలి అని అడిగింది. బయట రోగులు ఉన్నారు కాబట్టి ఆ రోజు పని ముగిశాక కూర్చుందామన్నాడు ఆయన. కూర్చున్నారు. అట్లా నాలుగు వారాలు, వారానికి రెండు రోజులు, పని ముగిశాక అరగంట.

యూ కుడ్ అంటే ఇదొక తొవ్వ ఉంది, మీ ఇష్టం అని. యూ షుడ్ అంటే చెయ్యాలె అని. ఇవి ఆమెకు తెలిసినవే. యూ హాడ్ బెటర్ దగ్గర మాత్రం ఆగిపోయింది. బడిలో దానికి చేస్తే మంచిది అని చెప్పారు. ఇన్నేళ్లూ ఆమె అట్లాగే చెప్పుకుంటూ వచ్చింది. ఇరానీ తల అడ్డంగా ఊపాడు. అందులో హెచ్చరిక ఉంది సిస్టర్, చేయకపోతే నష్టపోతావు అని లోపల దాగి ఉంటుంది అన్నాడు. రోజ ఆ మాట పక్కన, చెయ్యకుంటే పానం మీదికొస్తది అని రాసుకుంది.

వై డోంట్ యూ అన్నది ఇంకో వింత. ఒకసారి సంతోషమ్మ అనే ముసలామెకు ఇరానీ, వై డోంట్ యూ డ్రింక్ మోర్ వాటర్ అన్నాడు. రోజ దాన్ని, నీళ్లు ఎక్కువ ఎందుకు తాగవు అని చెప్పింది. సంతోషమ్మ చిన్నబుచ్చుకుని, పత్తి చేలో నీళ్ల కుండ ఎంత దూరంలో ఉంటుందో పావుగంట చెప్పుకుంది. అది ప్రశ్నే కాదని, కొంచెం ఎక్కువ తాగరాదా అమ్మా అన్నంత ప్రేమైన మాటని ఇప్పుడు తెలిసింది. ఇరానీ నవ్వాడు. రోజకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఇట్లా ఎంతమందిని అనవసరంగా మందలించానో, ఎంతమందికి భయం చెప్పవలసిన చోట ఇష్టం చెప్పానో అన్న ఆలోచన ఆమెను వదల్లేదు.

ఇక భీమమ్మ దగ్గరికి పోకుండా ఉండలేకపోయింది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం చర్చి అయ్యాక స్టాన్లీ ఆటోలో బయల్దేరింది. దారిలో స్టాన్లీ, వాళ్లు మొహం మీద ఏమన్నా అంటే ఎట్లా అన్నాడు. అననీ అంది రోజ.

భీమమ్మ రేకుల కింద మంచం మీద కూర్చుని ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుంది. రోజను చూసి పలకరించలేదు. రోజ కింద కూర్చుని, దాపరికం లేకుండా చెప్పింది. డాక్టరు పొమ్మన్నాడని, తనకు ఆ ఇంగ్లీషు బరువు తెలియక పోవచ్చు అని చెప్పానని, హోగబేకు, అంటే పోవాలె, అనాల్సిన చోట హోగబహుదు అన్నానని చెప్పింది. భీమమ్మ దిండు మీది కాలు సర్దుకుంది.

"ఆయన ఏమన్నడో గట్లనే చెప్పు. ఇంగ్లీషులనే చెప్పు."

రోజ ఆ రెండు వాక్యాలూ ఇంగ్లీషులో, ఇరానీ అన్నంత నెమ్మదిగా చెప్పింది. భీమమ్మ ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ఆ గొంతు తీరును విన్నది.

"కాలు పోతదని గింత మెత్తగ చెప్తరా?"

"వాళ్ల దిక్కు గట్లనే చెప్తరంట పెద్దమ్మా."

"నువ్వు పో అంటే పోతుంటినో లేదో నాకే ఎరుక లేదు. కందులు కల్లంల ఉండె. కానీ నువ్వు గట్టిగ చెప్పాల్సుండె."

"చెప్పాల్సుండె."

క్షమించానని భీమమ్మ అనలేదు, రోజ అడగలేదు. లేచేటప్పుడు మాత్రం కోడలిని పిలిచి చాయ్ పెట్టమంది. చాయ్ తాగాక రోజ కట్టు విప్పి, కాలు చూసి, మళ్లీ కట్టింది. ఆ రోజు నుంచి పదిహేను రోజులకోసారి పోయి కట్టు మార్చి వచ్చేది. స్టాన్లీ ఆదివారం కిరాయిలు వదులుకుని తీసుకుపోయేవాడు.

జూన్‌లో ఇరానీ నెల రోజులు సెలవు పెట్టాడు. ఆయన బదులు ఢిల్లీ నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చేవాడు. వాన పడి విత్తనాల పని మొదలైన రోజులు. కంగ్టి నుంచి నెహెమ్యా అనే మేస్త్రీ వచ్చాడు. యాభై ఏళ్లు ఉంటాయి. మూడు రోజులుగా ఛాతీలో మంట, ఎడమ దవడ లాగుతోంది అన్నాడు. గ్యాస్ బిళ్ల రాయించుకుని మధ్యాహ్నంలోపు చేలో ఉండాలని అతని తొందర. కుర్ర డాక్టరు విని, హీ కుడ్ గెట్ ఏన్ ఈసీజీ డన్ అని, తర్వాతి రోగి పేరు చూస్తున్నాడు.

రోజ తెలుగులోకి మార్చలేదు. కుడ్డా, షుడ్డా సార్ అని అడిగింది. అతనికి చిరాకు కలిగింది. కుడ్ అని చెప్పాను కదా అన్నాడు. రోజ కదల్లేదు. చెమట పడుతోంది సార్, దవడ లాగుతోంది, ఇతను చేను మీదికి పోదామనుకుంటున్నాడు, నేను పోవచ్చు అంటే పోతాడు అని చెప్పి, ఇతను మీ నాయన అయితే ఏమంటారు అని అడిగింది. కుర్రవాడు మళ్లీ నెహెమ్యాను చూశాడు, ఈసారి సరిగ్గా చూశాడు. రెండు ప్రశ్నలు వేశాడు. గొంతు మారింది. నౌ, రైట్ నౌ అన్నాడు.

రోజ నెహెమ్యా ముందు వంగి నిలబడింది.

"అన్నా, ఇది గ్యాస్ కాదు. ఇప్పుడే పెద్ద దవాఖానకు పోవాలె. పోవచ్చు అంటలేను, పోవాలె అంటున్న. చేనుకు పోతే పానం పోతది."

నెహెమ్యా ఆమె ముఖం చూసి సరేనన్నాడు. పెద్ద దవాఖానలో ఈసీజీ తీశాక అక్కడి నుంచి అంబులెన్సులో సంగారెడ్డి పంపారు. తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాడు. విత్తనాలు అతని భార్య, తమ్ముడు వేశారు.

ఇది బాగా జరిగింది కానీ దీనికి ముందు నుంచే ఇంకో చోట ముడి పడుతూ వచ్చింది. ప్రతి రోగి దగ్గరా రోజ కుడ్డా, షుడ్డా అన్న ప్రశ్న అడుగుతోంది, జవాబు తేలేదాకా తర్వాతి పేరు పిలవడం లేదు. రోజుకు ఇరవై రెండు మందిని చూడాల్సిన గదిలో పదహారుకు మించడం లేదు. కొందరు డాక్టర్లు ఫిర్యాదు చేశారు. విక్టర్ ఫోన్ చేశాడు. ఆఫీసులో పక్కన ఎవరో ఉన్నారేమో, ఇంగ్లీషులో మొదలుపెట్టి, యూ మే వాంట్ టు కీప్ ఇట్ షార్ట్ అన్నాడు. ఏడాది కిందటి రోజ అయితే అది తన ఇష్టానికి వదిలేశాడనుకుని సంతోషించేది. ఇప్పుడు అది హుకుం అని మొదటి ముక్కలోనే పట్టుకుంది. అదే మెత్తదనంతో, ఐ వుడ్ రాదర్ నాట్ అని, అంటే చెయ్యనని, జవాబిచ్చింది. విక్టర్ తెలుగులోకి దిగాడు.

"ఏందక్కా, కొలువు పోగొట్టుకుంటవా? డాక్టర్లను గట్ల నిలదీస్తరా?"

"విక్టర్, నీకు ఆరుగురు తక్కువైతుండ్రు. నా చేతిల ఒకామె సగం పాదం పోయింది. నేనైతే అడుగుడు బంద్ చెయ్య."

వారానికి సంజాయిషీ ఇవ్వమని కాగితం వచ్చింది. స్టాన్లీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ఇంకెక్కడన్నా చూసుకుందాంలే అన్నాడు. రోజ ఒప్పుకోలేదు. ఇంకెక్కడికి పోయినా ఇదే మాట, ఇదే నోరు అంది. ఎవరి సాయమూ అడక్కుండా నాలుగు వాక్యాల జవాబు ఇంగ్లీషులో రాసింది. డైరీ పేజీల ఫొటోలు తీసి జత చేసింది. ఒక కాపీ ఇరానీకి పంపింది. తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆ మూడు వారాలూ ప్రతి రోగి దగ్గరా ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది.

ఇరానీ సెలవు మధ్యలోనే ట్రస్టుకు పెద్ద ఉత్తరం రాశాడు. భీమమ్మ పాదం విషయంలో సగం తప్పు తనదని, తన ఇంగ్లీషును నారాయణఖేడ్‌లో వినేవాళ్లు ఎవరో తను ఒక్కరోజూ ఆలోచించలేదని అందులో ఒప్పుకున్నాడు. ఆగస్టులో విక్టర్ స్వయంగా వచ్చాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. కంప్యూటర్‌లో కొత్తగా పెట్టిన మూడు గడులు చూపించి వెళ్లాడు. మీ ఇష్టం, చెయ్యాలె, ఇయ్యాల్నే. డాక్టరు ప్రతి రోగికీ వాటిలో ఒకటి నొక్కితేనే తర్వాతి పేరు వస్తుంది. ఆ మూడు మాటలూ రోజ డైరీలోవే. కంగ్టి, కల్హేర్‌లలో కొత్తగా పెట్టే గదుల్లో పనిచేయబోయే ఆరుగురు అమ్మాయిలకు నేర్పే పని కూడా ఆమెకే పెట్టారు, జీతం మాత్రం పెంచలేదు.

అన్నీ సర్దుకుపోయాయని కాదు. ఇద్దరు డాక్టర్లు ఇప్పటికీ ఎవరొచ్చినా నడిమి గడే నొక్కుతారు. అప్పుడు రోజ పాత ప్రశ్నే అడుగుతుంది. వాళ్లు విసుక్కుంటారు. ఆమె నిలబడి ఉంటుంది.

ఇరానీ మాత్రం గడులతో ఊరుకోలేదు. ఆ మూడు మాటలు తనకు నోటితో అనడం నేర్పమన్నాడు. నోరు తిరగక నెల పట్టింది. మొన్న దసరా ముందు ఇంద్రమ్మ అనే ఆమె కంటిలో చూపు మసకబారిందని వచ్చింది. పరీక్ష అయ్యాక రోజ నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. కళ్లజోడు సర్దుకుని, టీవీలోంచి ఇంద్రమ్మ వైపే చూస్తూ, ఎన్నడూ పెంచని గొంతు కొంచెం పెంచి అన్నాడు.

"ఇయ్యాల్నే పోవాలె."

ఇంద్రమ్మ ఉలిక్కిపడింది. టీవీని, రోజను మార్చి మార్చి చూసి, ఈనది ఏ ఊరని అడిగింది. పుణె అని చెప్పింది రోజ. ఇంద్రమ్మ కొంగు బిగించుకుని, చీటీ చేతిలో పట్టుకుని, సంగారెడ్డి బస్సు ఎన్నింటికని అడుగుతూ బయటికి నడిచింది.